నాంపల్లి తోటలో వసంతము

శిశిరము ముగిసి చైత్రము ప్రవేశించు దినములలో హైదరాబాదు నగరమునకు ఒక క్రొత్త శోభ కలుగును. దారి ప్రక్కల వేపచెట్లు పూతపట్టును. ఉదయపు గాలిలో చలి తగ్గును. ఎండ ఇంకను ముదురదు. ఈ అనువైన కాలము కొలది వారములే. పిదప దక్కను ఎండలు రానే వచ్చును. ఇట్టి సెలవుదినమున ఇంటిల్లిపాదియు పోయి చూడదగిన చారిత్రక స్థలమేదియని అడిగినచో చాలమంది గోలకొండ కోటను, చౌమహల్లా సౌధమును చెప్పుదురు. అవి చూడదగినవే. కాని నేడు నేను శ్రోతలను అంత దూరము తీసికొనిపోను. నాంపల్లి స్టేషనులో రైలు దిగినవాడు కాలినడకన చేరగల ఒక తోటను గూర్చియు, దాని చుట్టుపట్ల ఒకప్పుడు వెలసిన మేడలను గూర్చియు మనవిచేయ దలచితిని.

వసంతమునకును ఈ నగరమునకును గల చుట్టరికము నగరమంత పాతది. 1591లో నగరమును నిర్మించిన మహమ్మదు కులీ కుతుబుషా, మన కవులు మల్కిభరాముడని కీర్తించిన ఇబ్రహీం కుతుబుషాకు కుమారుడు. అతడు స్వయముగా దక్కనీ భాషలో కవి. బసంతు పండుగను గూర్చియు, తన తోటలను గూర్చియు కవితలు అల్లెను. తోటల వాసన నేటికిని పేటల పేర్లలో మిగిలియున్నది: బషీర్‌బాగ్, జాంబాగ్, బాగ్‌లింగంపల్లి. బాగ్ అనగా తోట. ఆ పేటలలో నేడు తోటకై వెదకినచో పేరు తప్ప దొరకునది స్వల్పము. ఇన్ని తోటలు పేర్లు మాత్రము మిగిల్చి పోగా, నాంపల్లి తోట ఏల నిలిచినది? ఈ ప్రసంగమునకు ఈ ప్రశ్నయే మూలము.

నాంపల్లి అను పేరు కుతుబుషాహీల కొలువులోని నేక్‌నాం ఖాన్ అను అధికారి బిరుదునుండి వచ్చినదని చెప్పుదురు. బిరుదు పారసీకము, చివరనున్న పల్లి అచ్చతెనుగు. దీనిని ఆనుకొనియున్న ఆబిడ్స్ కథ వేరు. ఆరవ నిజామగు మహబూబ్ అలీ ఖాన్ కొలువులో వస్త్రాలంకరణ చూచు పరిచారకుడుగా నుండిన ఆల్బర్ట్ ఆబిద్ అను ఆర్మీనియా జాతీయుడు ఇచ్చట అంగడి తెరచెను. అంగడి పోయినది, పేరు పేటకంతకును అంటుకొనినది. రాజుల పేర్లు పెట్టిన వీధులను జనులు మరచుటయు, ఒక దుకాణదారుని పేరు శతాబ్దమునకు పైగా నాలుకపై నిలుచుటయు ఈ నగరమునకు క్రొత్త కాదు.

వాడీనుండి సికిందరాబాదునకు రైలు మార్గము 1874లో వచ్చెను. నాంపల్లి స్టేషను 1907లో కట్టబడెను. స్టేషను వెలుపలికి వచ్చి ఉత్తరముగా కొంచెము దూరము నడచిన ఆ తోట ద్వారము కానవచ్చును. ఇంగ్లీషు పేరు పబ్లిక్ గార్డెన్సు. ఉర్దూ పేరు బాగే ఆం. ఆం అనగా సామాన్య జనము. రాజ్యమంతయు ఒక్క ప్రభువుదై, ప్రతి తోటకును గోడయు, ప్రతి గోడకును కావలివాడును ఉండిన దినములలో ఒక తోటకు జనుల పేరు పెట్టుట చిన్న విషయము కాదు.

తోట అంచున తెల్లని గుమ్మటములతో మెరయు పురమందిరమును చూడుడు. మహబూబ్ అలీ ఖాన్ నలువదవ జన్మదినమునకు స్మారకముగా పౌరులు దీనిని సంకల్పించిరి. 1905లో శంకుస్థాపన జరిగినది. 1913 నాటికి భవనము పూర్తియైనది. నడుమ రెండు గొప్ప సంఘటనలు జరిగెను. 1908 సెప్టెంబరులో మూసీనది పొంగి నగరమును ముంచివేసి వేలాది ప్రాణములను బలిగొనెను. 1911లో మహబూబ్ అలీ ఖాన్ మరణించెను. ఎవరి జన్మదినమునకై పునాది వేసిరో ఆ ప్రభువు భవనము పూర్తియగుట చూడలేదు. ప్రభువునకు కానుకగా తలపెట్టిన ఈ మందిరము కాలక్రమమున ప్రజాప్రతినిధుల శాసనసభకు నెలవైనది.

తోటలోపల జూబిలీ హాలు కలదు. ఇదియు 1913 నాటిదే. ఏడవ నిజామగు ఉస్మాన్ అలీ ఖాన్ రజతోత్సవము 1937లో ఇచ్చట జరిగినందున దీనికి ఆ పేరు వచ్చినది. దానికి కొంత దూరమున పురావస్తు ప్రదర్శనశాల కలదు. హైదరాబాదు సంస్థానమున పురావస్తుశాఖ 1914లో గులాం యజ్దానీ నాయకత్వమున నెలకొనెను. ప్రదర్శనశాల 1930లో వెలసెను. కాకతీయుల శిల్పములు, లోహ విగ్రహములు, నాణెములు, అజంతా చిత్రముల ప్రతులు ఇచ్చటి సంపద. కాని పిల్లలు తల్లిదండ్రుల చేయి లాగుచు పరుగెత్తునది ఈజిప్టునుండి వచ్చిన మమ్మీ ఉన్న గదివైపునకే. రెండువేల ఏండ్లకు పైబడిన ఆ రాచకన్నె దేహమును నిజాము అల్లుడొకడు కొని తేగా, ఉస్మాన్ అలీ ఖాన్ ప్రదర్శనశాలకు ఒసగెను. నైలునది ఒడ్డున పుట్టిన ఆ పిల్ల నాంపల్లిలో నిదురించుచున్నది.

ఈ తోట ఎన్నో సంస్థలకు పుట్టినిల్లు. 1938లో ఉస్మానియా పట్టభద్రులు స్వదేశ వస్తువుల ప్రదర్శనమును ఇచ్చటనే ఆరంభించిరి. జనము పెరిగి చోటు చాలక 1946లో అది నాంపల్లిలోని ప్రస్తుత మైదానమునకు మారినది. ఏటేట జనవరి నెలలో జరుగు నుమాయిష్ అదియే. ఒకప్పుడు జంతుప్రదర్శనశాలయు ఈ తోటలోనే ఉండెడిది. 1963లో నెహ్రూ జంతుప్రదర్శనశాల తెరచిన పిదప జంతువులకు విశాలమైన చోటు లభించినది. నాంపల్లిలో పులి గాండ్రింపు వింటిమని చెప్పు వృద్ధుల మాట పిల్లలకు కట్టుకథవలె తోచును. అది కట్టుకథ కాదు.

ఇక మేడల సంగతి. బషీరుద్దౌలా బిరుదాంకితుడును, ప్రధానమంత్రియును అయిన సర్ ఆస్మాన్ జా కట్టించిన బషీర్‌బాగ్ సౌధము ఆబిడ్స్‌కు కూతవేటు దూరమున ఉండెడిది. నేడు ఆ సౌధము లేదు. కూడలికి పేరు మాత్రము కలదు. తోటకు ఉత్తరమున 1888లో సైఫాబాదు సౌధము లేచినది. ఒక ఉడుము దారికి అడ్డము వచ్చినదని శకునము చూచుకొని మహబూబ్ అలీ ఖాన్ అందు నివసింప నొల్లలేదని చెప్పుకొందురు. పిదప అది సచివాలయమునకు చేరి, చివరకు 2020లో పడగొట్టబడినది. కింగ్‌కోఠీ సౌధమును మొదట కట్టించినవాడు కమాల్ ఖాన్; తన పేరిటి రెండు ఇంగ్లీషు అక్షరములను భవనమంతట చెక్కించుకొనెను. ఉస్మాన్ అలీ ఖాన్ దానిని కొనినపుడు ఆ అక్షరములను చెరపుటకు మారుగా వానికి సరిపడునట్లు కింగ్‌కోఠీ అని పేరుపెట్టిరట. దాని ద్వారమునకు ఒక తెర వ్రేలాడుచుండెడిది. ప్రభువు బయలువెడలినపుడు మాత్రము అది పైకెత్తబడెడిది. 1967 ఫిబ్రవరి 24వ తేదీన ఉస్మాన్ అలీ ఖాన్ అచ్చటనే కన్నుమూసెను. ఒక భాగమున వైద్యశాల వెలసినది. తక్కిన వైభవము తెర వెనుకనే మాసిపోయినది.

దీనికి భిన్నమైన కథ కోఠీలోని రెసిడెన్సీ భవనముది. 1803 ప్రాంతమున జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ దీనిని కట్టింప మొదలిడెను. అతడు వివాహమాడిన ఖైరున్నీసా బేగము ఘోషా పాటించెడిది. భవనపు ముందుభాగమునకు వచ్చి చూచుటకు వీలులేకపోగా, అతడు ఆమె కొరకు అంతఃపురపు తోటలో ఆ భవనమునకే ఒక చిన్న నమూనా కట్టించెనని ప్రసిద్ధి. 1949లో ఆ భవనమునకు మహిళా కళాశాల వచ్చెను. ఒక స్త్రీ నమూనాగా మాత్రమే చూడగలిగిన మేడ మెట్లపై వేలాది బాలికలు పుస్తకములతో ఎక్కి దిగిరి. శిథిలమగుచున్న భవనమును ఇటీవల మరల చక్కదిద్దిరి. ఆ మెట్లను తమవిగా తలచిన వారుండుటచేతనే ఆ పని సాధ్యమైనదని నా నమ్మకము.

ఇతర దేశముల చరిత్రయు ఇదే చెప్పుచున్నది. లండనులోని హైడ్ పార్కు రాజుల వేటతోట. 1637లో మొదటి చార్లెసు దానిని ప్రజలకు తెరపించెను. 1847లో బర్కెన్‌హెడ్ పట్టణము ప్రజాధనముతోనే ప్రజలకు తోట వేసికొనెను. తోటను కాపాడునది గోడ కాదు. అందులో నడచు పాదములు. కచేరీకి పనిమీద పోవువాడు భవనమును చూడడు. పని ముగించుకొని మరలి వచ్చును. తోటకు వచ్చువాడు మాత్రము చెట్టును గుర్తుంచుకొనును. అది లేనినాడు ఏమైనదని అడుగును.

అయినను ఈ తోటకు ఆపద లేదనుకొనరాదు. సభాభవనములు, రంగస్థలములు, కార్యాలయములు ఒక్కొక్కటి మంచి ఉద్దేశముతోనే ఇందు వెలసినవి. ప్రతి మంచి ఉద్దేశమును కొంత పచ్చికను, కొన్ని చెట్ల నీడను పుచ్చుకొన్నది. ఒక్కసారి పడగొట్టిన మేడకు జనము వగచును. ఏటికి మూరెడుగా తరుగు తోటను గమనించువారు అరుదు. బషీర్‌బాగ్ వలె ఇదియు పేరుగా మాత్రము మిగులుట మన మనుమల కాలమున జరుగరాదు.

కావున ఈ చైత్రమున ఒక ఉదయము పిల్లలను వెంటబెట్టుకొని రండు. పురమందిరపు గుమ్మటములపై తొలి ఎండ పడుటను చూపుడు. మమ్మీని చూపుడు, మోజంజాహీ మార్కెటు మీదుగా ఆబిడ్స్‌కు నడిపించి పేర్ల కథలు చెప్పుడు. 1935 నాటి ఆ రాతికట్టడపు నీడలో కొంతసేపు విశ్రమింపుడు. మరలునపుడు ఈ తోట ఎవరిదని పిల్లలను అడుగుడు. మనదే అని వారు తడుముకొనక చెప్పినచో, ఆ యాత్ర సఫలమైనట్లే.