కలప నాణ్యత, అడవుల పునరుద్ధరణ: బెంగళూరు పరిశోధనలు

బెంగళూరు మల్లేశ్వరంలో ఉన్న కలప విజ్ఞాన సాంకేతిక సంస్థ 1938లో మైసూరు సంస్థానపు అటవీ పరిశోధనశాలగా మొదలైంది. 1956లో దేహ్రాదూన్ అటవీ పరిశోధన సంస్థకు ప్రాంతీయ కేంద్రమైంది. 1977లో ఇక్కడ శ్రీగంధం పరిశోధన కేంద్రం ఏర్పడింది. ఇప్పటి పేరు 1988 నాటిది. ఇక్కడ పరిశోధన చేసేవారికి పీహెచ్‌డీ పట్టా మాత్రం ఆ దేహ్రాదూన్ సంస్థ డీమ్డ్ విశ్వవిద్యాలయం నుంచి వస్తుంది.

పరిశోధనల్లో పెద్దపీట శ్రీగంధానిది. దాని వాసన, నూనె, ధర అన్నీ చేవలోనే, అంటే కాండం లోపలి గట్టి కర్రలోనే ఉంటాయి. ఆ చేవ ముదరాలంటే పదేళ్లు దాటాలి. పీహెచ్‌డీకి అంత గడువు ఎవరిస్తారు? అందుకే వేర్వేరు వయసుల తోటలు వెతుక్కుని, బోలు బర్మాతో బెరడు నుంచి దవ్వ దాకా పెన్సిలు కన్నా సన్నటి ముక్క తీస్తారు. పాలిపోయిన పైకర్ర ఎక్కడ ఆగిందో, పసుపు కలిసిన గోధుమరంగు చేవ ఎక్కడ మొదలైందో కంటికే తెలుస్తుంది. పచ్చి ముక్కను నీళ్లలో ముంచి ఘనపరిమాణం, 103 డిగ్రీల వేడిలో పూర్తిగా ఆరబెట్టి బరువు తీసుకుంటారు. ఆ బరువును ఘనపరిమాణంతో భాగిస్తే సాంద్రత వస్తుంది. మొక్కలమ్మేవాళ్లు చెప్పే లాభాల లెక్కల కన్నా ఈ చిన్న ముక్కను నమ్మడం మేలు.

శ్రీగంధం ఒంటరిగా పెరగదు. పక్క మొక్కల వేళ్లను తన వేళ్లతో పట్టుకుని నీరు, పోషకాలు లాక్కునే సగం పరాన్నజీవి అది. కుండీలో తోడుగా కంది, తోటలో సరుగుడు వంటివి ఉండాలి. కాబట్టి దాన్ని అడవిలో మళ్లీ నిలపడమంటే దాని ఇరుగుపొరుగునీ నిలపడమే. పైగా దొంగతనాలు, మంటలు, 1899లో కొడగులో గుర్తించిన స్పైక్ తెగులు. ఫైటోప్లాస్మా వల్ల వచ్చే ఈ తెగులు సోకితే ఆకులు చిన్నవై, బిరుసెక్కి, చెట్టు ఎండిపోతుంది. కర్ణాటకలో 2001 దాకా సొంత పొలంలోని గంధపు చెట్టు కూడా సర్కారుదే కావడంతో నాటే నాథుడు లేడు. ఆ ఏడాది చట్టం మార్చాకే రైతులు ముందుకొచ్చారు. ఏ ప్రయోగశాలా చేయలేని పని అది.

జామాయిల్ కథ వేరు. త్వరగా పెరుగుతుంది, కానీ లోపలి ఒత్తిళ్ల వల్ల నరికిన దుంగ కొసలు విచ్చుకుని పగులుతాయి. భూగర్భజలాల భయంతో కర్ణాటక 2017లో కొత్తగా నాటడాన్ని నిషేధించింది.

తెలుగు నేల మీద కలప నాణ్యత ప్రశ్న శేషాచలం ఎర్రచందనానిది. దాని చేవ నీళ్లలో మునిగేంత బరువు. అరుదైన అలల రేఖ ఉన్న దుంగలకు ధర ఇంకా ఎక్కువ. నిలబడి ఉన్న చెట్టును బయటి నుంచి చూసి ఆ రేఖ ఉందో లేదో చెప్పడం కష్టం. విశాఖలో బెంగళూరు సంస్థ నడిపిన సముద్ర విభాగం మరో దారి పట్టింది. చెక్క పలకల్ని ఉప్పునీటిలో దించి, ఓడపురుగు ఎంత తొలిచిందో చూసేవారు. పేరుకు పురుగే గాని అది ఆల్చిప్పల జాతిది.