నాణెం పెట్టె నుంచి నట్టింటికి: ఆటల స్టీరింగ్ కథ

స్టీరింగ్ తిప్పుతూ తెర మీద కారు నడిపే ఆట, నాణెం వేసి ఆడే వీడియో గేమ్‌ల కన్నా పాతది. 1968లో జపాన్‌కు చెందిన కాస్కో సంస్థ ‘ఇండీ 500’ అనే యంత్రాన్ని తయారుచేసింది. అందులో కంప్యూటర్ లేదు, టీవీ గొట్టం లేదు. రంగు బొమ్మలు వేసిన పళ్లేలు తిరుగుతుంటే దీపపు వెలుగు ఆ బొమ్మలను తెర మీదికి పంపేది. నాణెం వేసినవాడు స్టీరింగ్ పట్టుకుని, ముందున్న కార్లకు తగలకుండా దూసుకుపోవాలి. మరుసటి ఏడు షికాగో కాయిన్ అనే అమెరికన్ కంపెనీ అదే ఆటను ‘స్పీడ్‌వే’ పేరుతో తమ దేశంలో దించింది.

వీడియో తెర మీది తొలి కారు పందెం 1974లో అటారీ విడుదల చేసిన ‘గ్రాన్ ట్రాక్ 10’. పైనుంచి చూస్తున్నట్టు చుక్కలతో గీసిన బాట, దాని మీద ఒంటరిగా ఒక కారు, గడియారంతో పోటీ, ఇంతే ఆట. కానీ పెట్టె ముందు భాగంలో మాత్రం స్టీరింగ్, గేర్ రాడ్, యాక్సిలరేటర్, బ్రేకు అన్నీ ఉండేవి. ఒక్కో యంత్రం తయారీకి 1,095 డాలర్లు అవుతుంటే, లెక్కల్లో పొరబడి 995 డాలర్లకే అమ్మారని అటారీ చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. అదే ఏడు జపాన్‌లో టైటో సంస్థ తరఫున తొమోహిరో నిషికాదో ‘స్పీడ్ రేస్’ రూపొందించాడు. తర్వాత ‘స్పేస్ ఇన్‌వేడర్స్’తో లోకమంతా పేరు తెచ్చుకున్నది ఈయనే.

ఆ రోజుల్లో ఆర్కేడ్ (నాణెం వేసి ఆడే యంత్రాల హాలు) యజమానులు స్టీరింగ్ ఉన్న ఆటలను ఇష్టపడటానికి కారణం వెతకనక్కర్లేదు. జాయ్‌స్టిక్ ఎలా పట్టుకోవాలో అప్పటికి జనానికి తెలియదు. స్టీరింగ్ చూస్తే మాత్రం ఎవరికీ ఏదీ చెప్పాల్సిన పనిలేదు, కారు తోలడం రానివాడికి కూడా. 1975లో అటారీ తెచ్చిన ‘ఇండీ 800’ ఈ సంగతిని బాగా పట్టుకుంది. మధ్యలో పైకి చూసే రంగుల తెర, దాని చుట్టూ ఎనిమిది స్టీరింగులు, ఒక్కోదాని కింద రెండేసి పెడళ్లు, ఒక్కో మనిషికి ఒక్కో రంగు కారు. చుట్టూ నిలబడ్డవాళ్లు కూడా పందెం చూడటానికి పైన అద్దాలు ఏటవాలుగా అమర్చారు. ఆడేవాడితో పాటు చూసేవాడికీ చోటు పెట్టిన ఆ ఆలోచన తర్వాతి స్టీరింగ్ ఆటలు చాలావాటిలో కనిపించదు. 1976 నాటి ‘నైట్ డ్రైవర్’ ఇంకో పొదుపు ఉపాయం చేసింది. చీకట్లో రోడ్డు అంచుల తెల్ల గుంజలు మాత్రమే తెర మీద కదులుతాయి. కారు ముందు భాగం ప్లాస్టిక్ రేకు మీద అచ్చువేసి తెర కింది అంచున అంటించిన బొమ్మ.

ఇంట్లోకి వచ్చేసరికి ఈ హంగులన్నీ కుదించుకోక తప్పలేదు. అటారీ 1977లో తన ఇంటి యంత్రం వీసీఎస్‌తో పాటు ‘ఇండీ 500’ అనే ఆటను అమ్మింది. పేరు పాతదే, ఆట వేరు. దాని పెట్టెలో రెండు డ్రైవింగ్ కంట్రోలర్లు వచ్చేవి. అవి స్టీరింగ్ చక్రాలు కావు, అరచేతిలో పట్టే పెట్టె మీద గుండ్రటి పిడి, పక్కన ఒక మీట, అంతే. విప్పి చూస్తే తెలివి లోపల ఉంది. మామూలు పాడిల్ కంట్రోలర్‌లో రేడియో వాల్యూమ్ తిప్పే పిడి లాంటి భాగం ఉంటుంది కాబట్టి అది రెండు చివర్లా ఆగిపోతుంది. డ్రైవింగ్ కంట్రోలర్‌కు ఆ హద్దు లేదు. ఒక చుట్టును పదహారు మెట్లుగా విడగొట్టి, రెండు తీగల మీద సున్నా, ఒకటి సంకేతాలు మారే వరసను బట్టి పిడి ఎటు తిరిగిందో యంత్రం తెలుసుకుంటుంది. ఎన్ని చుట్లు తిప్పినా అడ్డు లేదు. ఇంత చేసినా ఆ కంట్రోలర్ కోసం తయారైన అటారీ ఆట ఆ కాలంలో దాదాపు ఆ ఒక్కటే. ఒక్క ఆట కోసం కొన్న పరికరం అటక ఎక్కడం అప్పుడే మొదలైంది.

నింటెండో 1978లో జపాన్‌లో అమ్మిన ‘కలర్ టీవీ గేమ్ రేసింగ్ 112’ మరో దారి తొక్కింది. యంత్రానికే స్టీరింగ్, గేర్ రాడ్ అతికించి ఉండేవి, వేరే ఆటలు ఆడటానికి వీల్లేదు. తర్వాత కొలెకో సంస్థ తన కొలెకోవిజన్ యంత్రానికి స్టీరింగ్, కాలి పెడల్ కలిపి ఒక జతను తెచ్చింది. సెగా ఆర్కేడ్ ఆట ‘టర్బో’ దాంతోనే వచ్చేది. పెడల్ వట్టి స్విచ్చే. తొక్కితే పరుగు, వదిలితే లేదు.

1980ల చివరకు ఇళ్లలో నింటెండో మార్కు పలక కంట్రోలర్ రాజ్యమేలింది. బొటనవేలితో నొక్కే నాలుగు దిక్కుల మీట చవక, పట్టుకోవడం తేలిక. స్టీరింగ్ ఆర్కేడ్‌కే పరిమితమైంది. నమ్‌కో ‘పోల్ పొజిషన్’ 1982లో, సెగా ‘అవుట్ రన్’ 1986లో వచ్చి అప్పటికే అక్కడ పేరు తెచ్చుకున్నాయి.

అసలు మలుపు 1989 నాటి ‘హార్డ్ డ్రైవిన్’. అటారీ గేమ్స్ తయారుచేసిన ఈ పెట్టెలో ఇంజన్ తాళం తిప్పి బయల్దేరాలి. క్లచ్‌తో కలిపి మూడు పెడళ్లు, నిజమైన కారులో లాగే అరలున్న గేర్ రాడ్ ఉండేవి. ఇష్టం లేనివాళ్లకు ఆటోమేటిక్ కూడా ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, స్టీరింగ్‌కు మోటారు తగిలించడం. అంతకుముందు చాలా ఆటల్లో చక్రాన్ని మధ్యకు తెచ్చేది స్ప్రింగే. స్ప్రింగ్‌కు రోడ్డుతో పనిలేదు, ఎప్పుడైనా ఒకే తీరున లాగుతుంది. నిజమైన కారులో అలా కాదు. మలుపులో ముందు టైర్లు పట్టు మీద ఉన్నంతసేపు స్టీరింగ్ బరువుగా ఉండి మధ్యకు రావాలని చూస్తుంది. పట్టు తప్పే ముందు ఒక్కసారిగా తేలికైపోతుంది. అనుభవమున్న డ్రైవర్‌కు కారు జారబోతోందని మొదట చెప్పేది చేతులే, కళ్లు తర్వాత. ఆ కబురును మోటారుతో అందించడానికి ఆట లోపల టైర్లు, సస్పెన్షన్ లెక్కలు కట్టాలి. అందుకే ఈ బృందం కార్ల కదలికల శాస్త్రం తెలిసిన డగ్ మిల్లికెన్ సాయం తీసుకుంది. ఇవాళ ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అని డబ్బాల మీద అచ్చువేసేదంతా ఈ వంశమే.

ఇల్లు ఆ స్థాయిని అందుకోవడానికి దాదాపు పదేళ్లు పట్టింది. 1990ల మధ్యలో థ్రస్ట్‌మాస్టర్ వంటి సంస్థలు పర్సనల్ కంప్యూటర్‌కు బల్లకు బిగించే స్టీరింగులు తెచ్చాయి. కంప్యూటర్ వెనక ఉండే గేమ్ పోర్టుకు స్టీరింగ్ అంటే తెలియదు, దాని లెక్కలో అదీ జాయ్‌స్టిక్కే. చక్రం ఎడమ కుడి కదలిక, పెడళ్లు ముందు వెనక కదలిక. చాలా స్టీరింగుల్లో యాక్సిలరేటర్, బ్రేకు రెండూ ఒకే గీతకు రెండు కొసలు. రెండూ కలిపి తొక్కితే ఒకదాన్నొకటి కొట్టేసుకునేవి. చక్రం ఎంత తిరిగిందో చదివే లోపలి కార్బన్ పట్టీ కొన్నాళ్లకు అరిగి, చక్రం నిటారుగా పట్టుకున్నా తెర మీద కారు వణికేది. తర్వాత వెలుతురుతో చదివే ఎన్‌కోడర్లు, అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సర్లు వచ్చాక ఆ బాధ తగ్గింది. వాటిలో రాసుకునే భాగం లేదు మరి.

1993లో మొదలైన ఇమ్మర్షన్ అనే అమెరికన్ సంస్థ ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ అనే ఈ స్పర్శ సాంకేతికతను ఇళ్లకు తేవడంలో ముందు నడిచింది. మైక్రోసాఫ్ట్ 1997లో డైరెక్ట్ఎక్స్ 5లో ఫోర్స్ ఫీడ్‌బ్యాక్‌కు చోటిచ్చింది, 1998లో సైడ్‌విండర్ పేరుతో తానే మోటారు స్టీరింగ్ అమ్మింది. తెలుగు ఊళ్లలో అవి నెట్ సెంటర్ల రోజులు. అక్కడ ‘రోడ్ రాష్’, ‘నీడ్ ఫర్ స్పీడ్’ ఆడిన తరం బాణం గుర్తుల మీటలతోనే మలుపులు తిప్పింది. స్టీరింగ్ కావాలంటే నాణెం పెట్టెల దగ్గరికే పోవాలి.

ఇంటి స్టీరింగ్‌ను నిలబెట్టింది ప్లేస్టేషన్ ఆట ‘గ్రాన్ టురిస్మో’. 2001లో మూడో భాగంతో లాజిటెక్ ‘జీటీ ఫోర్స్’ వచ్చింది. నాలుగో భాగం నాటికి అదే సంస్థ ‘డ్రైవింగ్ ఫోర్స్ ప్రో’ చక్రాన్ని 900 డిగ్రీలు, అంటే రెండున్నర చుట్లు తిరిగేలా చేసింది. మామూలు కార్లలో ఒక కొస నుంచి ఇంకో కొసకు తిప్పడానికి దాదాపు అంతే పడుతుంది. 2006లో లాజిటెక్ జీ25 తోలు తొడుగు, క్లచ్, ఆరు గేర్ల రాడ్‌తో దిగింది. గేర్ రాడ్ విడిగా ఉండటం వల్ల బల్లకు ఎటువైపైనా బిగించుకోవచ్చు. డ్రైవర్ కుడివైపు కూర్చునే మన దేశంలో ఎడమ చేత్తో గేరు మార్చడం అలవాటైనవాళ్లకు ఇది చిన్న సంగతి కాదు. 2015లో వచ్చిన జీ29, జీ920 ఆ వంశానివే, మోటారు నుంచి చక్రానికి పళ్ల చక్రాలే కదలిక చేరుస్తాయి. తిప్పుతుంటే గరగర వినిపిస్తుంది కానీ చాలాకాలం మన్నుతాయి. థ్రస్ట్‌మాస్టర్ 2014 నాటి టీ300లో బెల్టు వాడింది, చప్పుడు తక్కువ.

ఈ వరసకు పూర్తిగా పక్కనుంచి 2008లో నింటెండో ‘మారియో కార్ట్ వీ’ వచ్చింది. ఆట డబ్బాలోనే ఒక తెల్ల ప్లాస్టిక్ చక్రం పెట్టి ఇచ్చింది. అందులో మోటారు లేదు, తీగ లేదు, బిగించే మర లేదు. వీ రిమోట్‌ను అందులో ఇరికిస్తే రిమోట్‌లోని వంపు కనిపెట్టే చిప్పే స్టీరింగ్ పని చేస్తుంది. చక్రాన్ని గాల్లో పట్టుకుని సోఫాలో కూర్చుని ఆడాలి. రేసింగ్ పట్టున్నవాళ్లు నవ్వారు, కచ్చితత్వం తక్కువన్నారు. వాళ్ల మాట తప్పు కాదు. కానీ ఆ ఆట 3 కోట్ల 70 లక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోయింది. కంట్రోలర్ మీది మీటలు చూసి తప్పుకునే తాతలు, అమ్మమ్మలు కూడా ఆ చక్రం అందుకుని కూర్చున్నారు. 1974 నాటి ఆర్కేడ్ యజమానికి తెలిసిన కిటుకే ఇది. ఇంటిల్లిపాదినీ కలపడంలో ఈ ఖాళీ చక్రం చేసిన పని ఏ ఖరీదైన స్టీరింగూ చేయలేదు. 2018లో నింటెండో అట్టముక్కలు మడిచి పిల్లలే స్టీరింగ్, పెడల్ కట్టుకునే ‘లాబో’ జతను కూడా అమ్మింది. ‘మారియో కార్ట్ 8 డీలక్స్’లో కారు దానంతట అదే బాట తప్పకుండా చూసే సాయం, యాక్సిలరేటర్ నొక్కకుండానే పోయే సాయం రెండూ ఉన్నాయి. చిన్న పిల్లలు పందెంలో మిగలడానికి కారణం చక్రం కన్నా ఈ రెండే.

అవతలి కొసన డైరెక్ట్ డ్రైవ్ నిలిచింది. ఇందులో పళ్ల చక్రాలు, బెల్టు ఉండవు, మోటారు ఇరుసుకే స్టీరింగ్ బిగిస్తారు. బ్రిటన్‌లో లియో బోడ్నార్ వంటివాళ్లు శిక్షణ యంత్రాల కోసం చేసిన ఈ పద్ధతిని జర్మనీకి చెందిన ఫనాటెక్ ఇళ్లకు తెచ్చింది. 2021 నాటి సీఎస్ఎల్ డీడీ బలం 5 న్యూటన్ మీటర్లు, పెద్ద అడాప్టర్‌తో 8. జీ29 బలం సుమారు 2. లాజిటెక్ 2022లో తెచ్చిన ప్రో చక్రం 11 వరకు పోతుంది. బలం పెరిగేకొద్దీ రోడ్డు కబురు చేతికి స్పష్టంగా అందుతుంది. దాంతో పాటు గోడకు గుద్దినప్పుడు చక్రం విసురుగా తిరిగి బొటనవేలు మెలితిప్పే ప్రమాదమూ పెరుగుతుంది. ఎనిమిదేళ్ల పిల్ల చేతికి ఇవ్వాలంటే సెట్టింగుల్లో బలం బాగా తగ్గించాల్సిందే.

ఇంటికి స్టీరింగ్ కొనేటప్పుడు మొదట అడగాల్సింది బలం గురించి కాదు, ఏ యంత్రంతో పనిచేస్తుందని. జీ29 ప్లేస్టేషన్‌కు, జీ920 ఎక్స్‌బాక్స్‌కు. కంప్యూటర్‌తో రెండూ కలుస్తాయి కానీ ఒకదాని చోట ఇంకొకటి పెట్టి ఆడటం కుదరదు. తర్వాత చూడాల్సింది బిగింపు. టీవీ ముందున్న టీపాయ్ తేలికగా ఉంటే మోటారు దాన్నీ కలిపి ఊపేస్తుంది. మన ఇళ్లలోని టైల్స్, గ్రానైట్ నేల మీద పెడళ్ల పెట్టె బ్రేకు తొక్కగానే వెనక్కి జారుతుంది, దాన్ని గోడకు ఆనించాలి, లేదా కింద రబ్బరు చాప వేయాలి. పిల్లల కాళ్లు అందడానికి కుర్చీ ఎత్తు కూడా చూసుకోవాలి. 900 డిగ్రీల చక్రం కార్ట్ ఆటల్లో చేతులకు వట్టి శ్రమ, దాన్ని 270కి దగ్గరగా కుదించుకుంటేనే మేలు.

నింటెండో స్విచ్ యంత్రం ఉన్న ఇంటికి హోరి సంస్థ మారియో కార్ట్ చక్రం సరిపోతుంది, మోటారు లేకపోవడం అక్కడ లోటు కాదు. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ ఉన్న ఇంట్లో అందరూ వంతులవారీగా ఆడేది ఉంటే పళ్ల చక్రాల స్టీరింగే కొనాలి. డైరెక్ట్ డ్రైవ్ జోలికి, ఆ ఇంట్లో ఒక్కరైనా వారం వారం పందేల్లో దిగేవాళ్లు తయారయ్యాకే పోవాలి.