పూల క్లోజప్ ఫొటోగ్రఫీ: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతం

పువ్వుకు బాగా దగ్గరగా వెళ్లి, మామూలు చూపుకు ఆనని కేసరాలు, రేకుల ఈనెలు, పుప్పొడి కనిపించేలా తీసే ఫొటోగ్రఫీని పూల క్లోజప్ ఫొటోగ్రఫీ అంటారు. పువ్వు అసలు పరిమాణం ఎంతో సెన్సరు మీద దాని బింబమూ అంతే పడితే ఆ నిష్పత్తి 1:1. కచ్చితంగా మాట్లాడేవారు ‘మాక్రో’ అనే మాటను అక్కడి నుంచే వాడతారు. సూర్యాపేట జిల్లాలోని సూర్యాపేట, కోదాడ, పక్కనే నల్లగొండ జిల్లాలోని మిర్యాలగూడ చుట్టుపక్కల కొత్తగా డిజిటల్ కెమెరా కొన్నవారికి ఈ విద్య నేర్చుకోవడానికి పూలకు కరువు లేదు. కాకపోతే వాటిలో చాలా భాగం కుండీల్లో కాక పొలం గట్ల మీద, బీళ్లలో, వరి మళ్లలో ఉంటాయి.

ఇది డిజిటల్ కాలంలో పుట్టిన సరదా కాదు. జర్మనీకి చెందిన కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ సొంతంగా తయారుచేసుకున్న కెమెరాతో మొగ్గలను, తీగలను ఎన్నో రెట్లు పెద్దవి చేసి తీసిన చిత్రాలు 1928లో పుస్తకంగా వచ్చాయి. ఇక్కడి పట్టణాల్లో మాక్రో లెన్సు ఉన్నది ఎక్కువగా పెళ్లిళ్లు తీసే స్టూడియోల దగ్గరే. ఉంగరాలకు, తాళిబొట్టుకు, గోరింటాకు చేతులకు దాన్ని బయటికి తీస్తారు. పువ్వు వంతు తక్కువే.

పూలు, కాలాలు

ఈ ప్రాంతంలో అన్నిటికన్నా ఎక్కువగా పూసేది, ఎవరూ పువ్వుగా లెక్కపెట్టనిది వరి. నాగార్జునసాగర్ కాల్వలకు 1967 ఆగస్టు 4న నీరు వదిలిన తరువాత ఎడమ కాల్వ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు వరి విస్తరించింది. మిర్యాలగూడ రైసు మిల్లుల ఊరు కావడానికీ ఆ నీరే కారణం. నాట్లను బట్టి వానాకాలం పంట సెప్టెంబరు చివర, అక్టోబరులో, యాసంగి పంట మార్చి ప్రాంతంలో ఈనుతుంది. పొద్దున తొమ్మిది దాటాక గింజ పైపొట్టు రెండుగా విచ్చుకుంటుంది. సన్నని కాడల మీద ఆరు కేసరాలు బయటికి వేలాడతాయి. గంట తిరక్కుండానే పొట్టు మూసుకుంటుంది, కేసరాలు మాత్రం బయటే వాడిపోతాయి. కంకి కొసన మొదలైన పూత కిందికి దిగడానికి ఐదారు రోజులు పడుతుంది కాబట్టి ఇవాళ తప్పినా రేపు మళ్లీ దొరుకుతుంది. నేర్చుకునేవారికి ఇంతకంటే మంచి పాఠం లేదు: పువ్వు చిన్నది, సమయం తక్కువ, చిరుగాలికే కంకి ఊగుతుంది.

బీడు భూముల్లో తంగేడు. తెలంగాణ ప్రభుత్వం దీన్ని 2014లో రాష్ట్ర పుష్పంగా ప్రకటించింది. దూరం నుంచి పసుపు ముద్దలా కనిపించే ఈ పువ్వులో పది కేసరాలుంటాయి. పైవి మూడు గొడ్డువి, కిందివి పొడవుగా వంగి ఉంటాయి. పుప్పొడి కేసరాల కొసన ఉన్న చిన్న రంధ్రంలోంచి రాలాలి. అందుకే తుమ్మెద వాలి, రెక్కల కండరాలతో ఝుమ్మని అదిలించి రాల్చుకుంటుంది. ఆ క్షణం కావాలంటే పూలచెట్టు దగ్గర కెమెరా సిద్ధం చేసుకుని కూర్చోవాలి తప్ప తుమ్మెద వెంట పరిగెత్తి లాభం లేదు.

వానాకాలం చివర గట్ల మీద గునుగు తెల్లబడుతుంది. దాని ఒక్కో కంకి వందల చిన్న పూల గుత్తి. పూలు కింది నుంచి పైకి విచ్చుకుంటాయి. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా బతుకమ్మ తొమ్మిది రోజులూ తంగేడు, గునుగు, బంతి, కట్లపూలు ఇళ్లకు చేరతాయి. రంగులద్దిన గునుగు చూడ్డానికి బాగున్నా, క్లోజప్‌లో రంగు పొడి మచ్చలే కనిపిస్తాయి. పూతను గట్టు మీదే తీయడం మేలు. సూర్యాపేటలో సద్దుల చెరువు దగ్గర బతుకమ్మలను నీళ్లలో వదిలే సమయానికి వెలుతురు పోయి ఉంటుంది. అది వేరే ఫొటోగ్రఫీ.

నల్లరేగళ్లలో పత్తి పువ్వు మొదటి రోజు పాలమీగడ రంగులో విచ్చుకుని, మరుసటి రోజుకు గులాబీకి తిరుగుతుంది. ఒకే పువ్వును రెండు రోజులు తీస్తే రెండు పూలనిపిస్తుంది. మాఘ ఫాల్గుణాల్లో మోదుగ, ఉగాదికి వేప పూత. ఏ కాలంలోనైనా రోడ్డు పక్కన గడ్డిచామంతి.

కెమెరా, లెన్సు

కెమెరా డయల్ మీద ఉండే పువ్వు బొమ్మ కొత్తవారిని తప్పుదారి పట్టిస్తుంది. చిన్న కాంపాక్ట్ కెమెరాల్లో ఆ బొమ్మ నొక్కితే లెన్సు నిజంగానే దగ్గరి వస్తువును పట్టుకుంటుంది. లెన్సు మార్చే కెమెరాల్లో మాత్రం అది వెలుతురు, రంగు సెట్టింగులనే మారుస్తుంది. లెన్సు ఎంత దగ్గరికి వెళ్లగలదో అంతే. కెమెరాతో వచ్చే 18-55 లెన్సు సుమారు మూడో వంతు పరిమాణం దాకా ఇస్తుంది. బంతికి, మందారానికి అది చాలు. వరి పువ్వు దగ్గర లెక్క మారుతుంది. ఎనిమిది మిల్లీమీటర్ల గింజ, 23.5 మిల్లీమీటర్ల వెడల్పున్న ఏపీఎస్-సీ సెన్సరు మీద 1:1లో ఫ్రేములో మూడో వంతును ఆక్రమిస్తుంది. అదే గింజ 18-55తో తొమ్మిదో వంతుకు కుంచించుకుపోతుంది.

మాక్రో లెన్సు వెంటనే కొనలేనివారు లెన్సుకూ కెమెరాకూ మధ్య ఎక్స్‌టెన్షన్ ట్యూబు పెట్టుకోవచ్చు. 50 మిల్లీమీటర్ల లెన్సుకు 25 మిల్లీమీటర్ల ట్యూబు పెడితే బింబం పువ్వు అసలు పరిమాణంలో సగం మేర అదనంగా పెరుగుతుంది. ట్యూబులో గాజు ఉండదు కనుక చవక. ముందు బిగించే క్లోజప్ ఫిల్టరు ఇంకా చవక, కానీ నాసిరకానిదైతే అంచులు చెదురుతాయి. కొనేవారు 90, 100 మిల్లీమీటర్ల మాక్రో తీసుకుంటే పువ్వుకు జానెడు దూరంలో ఉండొచ్చు. 40 మిల్లీమీటర్లదైతే లెన్సు నీడే పువ్వు మీద పడుతుంది. చెరువులో తామరకు ఇవేవీ పనికిరావు, గట్టు మీద నిలబడి 200 పైబడిన టెలీ లెన్సుతో తీయాల్సిందే.

ఫోకస్

దగ్గరికి వెళ్లేకొద్దీ స్పష్టంగా పడే మందం తగ్గిపోతుంది. పైన చెప్పిన సెన్సరు మీద, 1:1లో, అపర్చర్ (లెన్సు లోపలి రంధ్రం) ఎఫ్/8 దగ్గర ఉంటే అది సుమారు 0.6 మిల్లీమీటర్లు. కేసరం కొస పదునుగా ఉంటే దాని మొదలు మసకబారుతుంది. అపర్చర్‌ను ఎఫ్/16 చేస్తే మందం రెట్టింపవుతుంది గానీ, 1:1లో అసలే రెండు స్టాపుల వెలుతురు పోతుంది (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది), పైగా డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం అంచుల దగ్గర కాంతి వంగడం) వల్ల మొత్తం చిత్రం కొంత మెత్తబడుతుంది. ఎఫ్/8, ఎఫ్/11 మధ్య ఆగడం తెలివైన పని.

ఆటోఫోకస్ ఇక్కడ ముందుకూ వెనక్కూ వెతుక్కుంటూ సమయం తింటుంది. మాన్యువల్‌లో పెట్టి, స్క్రీను మీద పెద్దది చేసి చూసుకుని, ఫోకస్ రింగును వదిలేసి కెమెరానే వెంట్రుకవాసి ముందుకు వెనక్కి జరపాలి. గునుగు లాంటి పొడవైన కంకికి ఫోకస్ మారుస్తూ అనేక ఫ్రేములు తీసి సాఫ్ట్‌వేర్‌లో కలిపే స్టాకింగ్ పద్ధతి ఉంది. గాలి ఆగితేనే అది కుదురుతుంది.

వెలుతురు, గాలి, దుమ్ము

ఎండాకాలంలో ఎనిమిదిన్నర దాటితే ఎండ రేకుల మీద కాలుతుంది. మబ్బు పట్టిన వానాకాలపు పొద్దు మంచిది. వరి పూసేది మాత్రం ఎండ ఎక్కాకే కాబట్టి తెల్లటి పంచెనో, ట్రేసింగ్ కాగితాన్నో అడ్డుపెట్టి నీడ మెత్తన చేసుకోవాలి. రెండో పక్క థర్మోకోల్ ముక్క పెడితే వెలుతురు తిరిగి పడుతుంది. నందివర్ధనం ఫ్రేమంతా నిండితే మీటరు దాన్ని బూడిద రంగుకు దించుతుంది, ఎక్స్‌పోజర్ ఒక స్టాపు పెంచాలి. ముదురాకుల మధ్య ఎర్ర మందారానికి తగ్గించాలి, లేకపోతే ఎరుపు అంతా ఒకే ముద్దగా అతుక్కుంటుంది. వెలుతురు పంపిణీని చూపే హిస్టోగ్రాంను మూడు రంగులకూ విడిగా చూసుకుంటే ఇది ముందే తెలుస్తుంది.

కొమ్మ ఊగకుండా నేలలో పుల్ల గుచ్చి బట్టల క్లిప్పుతో పట్టించవచ్చు. మిల్లుల వైపు ఊక బూడిద, బీళ్లలో ఎర్రమట్టి ఎగురుతుంటాయి కాబట్టి లెన్సును పొలంలో మార్చకూడదు. ఏసీ కారులోంచి దిగి నేరుగా వరి మడిలోకి వెళితే లెన్సు మీద ఆవిరి పడుతుంది. కెమెరా సంచిని కాసేపు బయట ఉంచాక తెరవాలి. మళ్లోకి దిగేముందు రైతును అడగాలి. పూత మీదున్న వరిని తొక్కితే ఆ నష్టం ఆయనది.

గుర్తింపు

అందమైన క్లోజప్ ఒక్కటే చూసి మొక్క పేరు చెప్పడం చాలాసార్లు వృక్షశాస్త్రవేత్తలకూ కష్టం. పువ్వుతో పాటు రక్షకపత్రాల వెనుక భాగం, ఆకు అమరిక, కాయ, మొక్క మొత్తం ఒక్కో ఫ్రేము తీసి, తేదీ, ఊరు రాసిపెట్టుకుంటే పేరు తేలుతుంది. ఐనాచురలిస్ట్ వంటి ఉమ్మడి నమోదు వేదికల్లో చేర్చడానికీ ఆ వివరాలే అక్కరకొస్తాయి.