మీట ఇచ్చే జవాబు: టైపు మిషను నుంచి టాక్టైల్ స్విచ్ వరకు

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తర్వాత మీరు:
- టాక్టైల్ స్విచ్ పనిచేసే తీరును వివరించగలుగుతారు.
- కీబోర్డులో వచ్చిన మార్పులను ఉప్పల్, నాచారం ప్రాంతపు అనుభవంతో కలిపి చెప్పగలుగుతారు.
- ఒక పనిముట్టును చారిత్రక ఆధారంగా పరిశీలించగలుగుతారు.

1. పరిచయం

చరిత్రకు ఆధారాలు శాసనాలు, నాణేలు, కోటలే కావు. మీ చేతి కింద ఉన్న కీబోర్డు కూడా ఒక ఆధారమే. దాని మీద ఏదైనా ఒక మీటను మెల్లగా నొక్కి చూడండి. అక్షరం పడిందని మీ వేలికి ఎప్పుడు తెలిసింది? మీట కిందికి వెళ్లే దారి మధ్యలోనా, అడుగున తగిలాకనా, లేక తెర మీద చూశాకనా? ఈ చిన్న ప్రశ్నకు ఒక్కో కాలంలో ఒక్కో సమాధానం ఉంది.

2. టైపు ఇన్‌స్టిట్యూట్ల కాలం

గోద్రెజ్ సంస్థ 1955లో మన దేశంలో టైపురైటర్ల తయారీ మొదలుపెట్టింది. 1966లో అధికార భాషా చట్టం వచ్చాక ఆంధ్రప్రదేశ్ కార్యాలయాల్లో తెలుగు టైపుకు కూడా ప్రాధాన్యం ఏర్పడింది. లోయర్, హయ్యర్ పరీక్షల సర్టిఫికెట్ మధ్యతరగతి యువతీయువకులకు ఉద్యోగానికి తొలిమెట్టు అయింది.

1978లో నేను ఉప్పల్‌లో ఒక రేకుల గదిలో టైపు నేర్చుకున్నాను. నేను కొట్టిన కాగితాన్ని మాస్టారు ముందు చదివేవారు కారు. వెనక్కి తిప్పి వేలితో తడిమేవారు. చిటికెన వేలితో కొట్టిన అక్షరాలు పలచగా పడితే ఆ స్పర్శతోనే తెలిసిపోయేది. “ఇక్కడ నీ వేలు భయపడింది” అనేవారు. ఆ యంత్రంలో మీటకు తగిలించిన అచ్చు స్వయంగా వెళ్లి రిబ్బన్ మీదుగా కాగితాన్ని కొట్టేది. అక్షరం పడిందన్న కబురు చేతికి, చెవికి, కంటికి ఒకేసారి అందేది. ఆ కబురు కోసం యంత్రంలో వేరే ఏర్పాటేమీ అవసరం లేదు.

3. ఎలక్ట్రానిక్స్ రాక

నాచారం నుంచి మల్లాపూర్ దాటి వెళితే ఈసీఐఎల్ వస్తుంది. అణుశక్తి శాఖ కింద 1967లో ఏర్పడిన ఈ ప్రభుత్వ రంగ సంస్థకు సారథ్యం వహించినవారు డాక్టర్ ఎ.ఎస్. రావు. నేటి ఎ.ఎస్. రావు నగర్ ఆయన పేరు మీదే వెలిసింది. ట్రాంబేలో రూపొందిన టీడీసీ-12 కంప్యూటరు 1969లో వచ్చింది. దాని ఉత్పత్తిని ఈసీఐఎల్ చేపట్టింది. హైదరాబాదు తూర్పు అంచు ఆ విధంగా దేశ కంప్యూటర్ చరిత్రలో చేరింది.

ఎలక్ట్రానిక్ కీబోర్డులో మీట అక్షరాన్ని కొట్టదు. ఒక విద్యుత్ వలయాన్ని కలుపుతుంది, అంతే. అందుకు బలం అక్కరలేదు. కానీ వలయం కలిసిన సంగతి వేలికి తెలియదు. టైపు మిషను అడగకుండానే ఇచ్చిన జవాబును ఇంజనీర్లు ఇప్పుడు పనిగట్టుకుని తయారుచేయవలసి వచ్చింది.

4. స్విచ్ నిర్మాణం

1981లో వచ్చిన ఐబీఎం పర్సనల్ కంప్యూటర్ కీబోర్డులో ప్రతి మీట కింద ఒక స్ప్రింగు ఉండేది. నొక్కినప్పుడు అది ఒక్కసారిగా వంగి ‘టక్’మనేది. తర్వాత జర్మనీకి చెందిన చెర్రీ సంస్థ ఎంఎక్స్ స్విచ్‌లు ప్రాచుర్యంలోకి వచ్చాయి. వీటిలో మూడు రకాలు ప్రధానమైనవి.

- లీనియర్: మొదటి నుంచి చివరి వరకు నున్నగా దిగుతుంది.
- టాక్టైల్: మధ్యలో చిన్న అడ్డు తగిలి, దాటగానే తేలికపడుతుంది.
- క్లికీ: ఆ అడ్డుతో పాటు శబ్దం కూడా చేస్తుంది.

టాక్టైల్ స్విచ్‌లో కదిలే కాడకు ఒక చిన్న బొడిపె ఉంటుంది. అది లోపలి లోహపు రేకును ఒరుసుకుంటూ దిగుతుంది. వేలికి తగిలే అడ్డు అదే. మీట మొత్తం ప్రయాణం సుమారు 4 మిల్లీమీటర్లు. వలయం సుమారు 2 మిల్లీమీటర్ల దగ్గరే కలుస్తుంది. అంటే వేలు అడుగుదాకా వెళ్లనవసరం లేదు.

5. ఎంచుకునేది ఎవరు?

తర్వాతి కాలంలో రబ్బరు బొడిపెల కీబోర్డులు విస్తరించాయి. వాటిలో సాధారణంగా మీట అడుగుకు చేరితేనే అక్షరం పడుతుంది. అయితే వాటిని చిన్నచూపు చూడకూడదు. కంప్యూటరు సామాన్యుల ఇళ్లకు చేరడానికి ఆ చౌకదనం తోడ్పడింది. మెకానికల్ స్విచ్‌లున్న టీవీఎస్ గోల్డ్ వంటి కీబోర్డులు మాత్రం మన కార్యాలయాల్లో చాలాకాలం నిలిచాయి. టైపు మిషను మీద నేర్చుకున్న గుమాస్తాలు కంప్యూటర్ మీటలను కూడా దబదబా బాదడం మీరు చూసే ఉంటారు. అది మొరటుతనం కాదు. పాత యంత్రం నేర్పిన క్రమశిక్షణ.

నేడు ఉప్పల్ పారిశ్రామికవాడలో జెన్‌పాక్ట్ వంటి సంస్థల కార్యాలయాలున్నాయి. ఇటువంటి ఏ కార్యాలయంలోనైనా రోజంతా టైపు చేసే ఉద్యోగి సాధారణంగా తనకు ఇచ్చిన కీబోర్డుతోనే పని చేస్తారు. అభిరుచితో సొంత కీబోర్డు కూర్చుకునేవారు మాత్రం స్విచ్‌లను ఒక్కొక్కటిగా పరీక్షించి, నచ్చినవి బిగించుకుంటారు. ఒకప్పుడు పనివాడి హక్కులా దక్కిన స్పర్శ ఇప్పుడు కొనుక్కునే వస్తువైంది. ఎక్కువ మీటలు నొక్కే చేతికే ఎంపిక తక్కువ. మనం గుర్తించవలసిన చారిత్రక విషయం ఇదే.

6. సారాంశం

టైపు మిషనులో సహజంగా ఉన్న జవాబు ఎలక్ట్రానిక్ మీటలో పోయింది. టాక్టైల్ స్విచ్ దానిని తిరిగి కల్పించింది. పనిముట్టు ఎలా మారిందో అడిగిన తర్వాత, ఆ మార్పును ఎవరు నిర్ణయించారో కూడా అడగండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఎలక్ట్రానిక్ కీబోర్డులో స్పర్శను ప్రత్యేకంగా ఎందుకు కల్పించవలసి వచ్చింది?
2. మీ ఊళ్లో టైపు నేర్చుకున్న ఒక పెద్దవారిని కలిసి, వారి అనుభవాన్ని ఒక పుటలో రాయండి.