యుద్ధకాలమున హొసకోటె

బెంగళూరునకు తూర్పున కోలారు బాటపై నున్న హొసకోటెను పదునారవ శతాబ్దాంతమున సుగటూరు ప్రభువు తమ్మేగౌడుడు నిర్మించెను. కోలారు పాతకోట కాగా ఇది క్రొత్తకోట యయ్యెను. దక్షిణ పినాకినీ జలములతో నిండు పెద్దచెరువు ఈ యూరికి ప్రాణము. నీరును, బాటయు ఉన్నచోటికి వర్తకులే కాక దండులును వచ్చును గదా!

1761లో నిజాము సోదరుడు బసాలత్ జంగ్ దీనిని ముట్టడించెను. హైదరాలీ మూడు లక్షల రూపాయల నజరానాతో అతనివలన శిరా నవాబుగిరి పొందినది ఈ సందర్భముననే. 1768 ఆగస్టులో గుత్తి పాలకుడు మురారిరావు కుంఫిణీ పక్షమున ఇచట విడిసియుండగా హైదరు రాత్రివేళ అతని శిబిరముపై బడి విఫలుడయ్యెను. గాయపడిన మురారిరావు పట్టపుటేనుగు తన గొలుసునే తొండమున ద్రిప్పి శత్రువులను మోదెనని విల్క్స్ వ్రాసినాడు. చరిత్రకారులు ఏనుగును మరువలేదు కాని, ఆ రాత్రి ఊరివారి గతి ఏమయ్యెనో వ్రాయలేదు.

ప్రజలపై బడిన భారము మూడవ మైసూరు యుద్ధమున స్పష్టముగ గానవచ్చును. 1791 ఫిబ్రవరి, మార్చి నెలల సంధిలో కారన్‌వాలిస్ సేన కోలారు, హొసకోటెలను వశపరచుకొని బెంగళూరు చేరెను. శత్రువునకు దక్కకుండుటకై టిప్పు సైనికులు దారిపొడవున గడ్డిని, ధాన్యమును తగులబెట్టిరి. ఆ గడ్డియు ధాన్యమును రైతువే. మే నెలలో శ్రీరంగపట్టణముకడ మేతలేక ఎడ్లు గుంపులుగా చచ్చుటచే కారన్‌వాలిస్ తన పెద్ద ఫిరంగులను తానే పాడుచేసి వెనుదిరిగెను. త్రోవలో కలిసిన మరాఠాల దండులో అంగళ్లు నిండుగ నుండెను. ఆకలిగొన్న సిపాయీలు అచట హెచ్చు వెలలకు ధాన్యము కొనిరి. పిమ్మట కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ లంబాడీ వర్తకులను కుదిర్చి, వారి ఎడ్లపై ధాన్యము తెప్పించెను. తుపాకులకన్న ఈ పెరికెయెడ్లే మరుసటి యేటి విజయమునకు మూలమనుట అతిశయోక్తి కాదు.

1792 సంధిచే టిప్పు రాజ్యములో సగమును, 3 కోట్ల 30 లక్షల రూపాయలును ఇచ్చుకొనవలసి వచ్చెను. ఈ పైకము కూర్చిన తీరును విల్క్స్ తెలిపినాడు: ఖజానానుండి 1 కోటి 10 లక్షలు, సైన్యమునుండి 60 లక్షలు, తక్కిన 1 కోటి 60 లక్షలు ఉద్యోగులు, ప్రజలు చెల్లించవలెను. ఉద్యోగి తన వంతును ఎవరినుండి రాబట్టునో వేరుగ చెప్పనక్కరలేదు. పోయిన సగము ప్రాంతములవారికి ఈ వసూలు తప్పినది. హొసకోటె టిప్పునకు మిగిలిన సగములోనిది.