అమ్మేసే ఇల్లు, అట్టిపెట్టుకునే ఇల్లు: ఉత్తర తెలంగాణ నిర్మాణ రంగంలో సుస్థిరత

నిర్మాణ సంస్థ పర్యావరణాన్ని పట్టించుకుంటుందా లేదా అన్నది యజమాని మంచితనం మీదో, కొనేవాళ్ల చైతన్యం మీదో ఆధారపడి ఉంటుందని సాధారణంగా అనుకుంటాం. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల అనుభవాన్ని చూస్తే అసలు సంగతి వేరే చోట ఉందనిపిస్తుంది. కట్టినవాడికి ఆ కట్టడంతో ఎన్నాళ్లు సంబంధం ఉంటుంది, ఆ తర్వాత వచ్చే కరెంటు బిల్లు, నీటి ట్యాంకరు ఖర్చు, గోడ పగులు ఎవరి నెత్తిన పడతాయి అన్నదే సుస్థిరతను నిర్ణయిస్తోంది. ఈ వ్యాసం ఆ వాదనను పరిశీలిస్తుంది.

ఈ నేలకు కట్టుబడి సరుకు కొత్త కాదు. మంచిర్యాల, బసంత్‌నగర్, దేవాపూర్‌లలో సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. కరీంనగర్ గుట్టల గ్రానైటు విదేశాలకు వెళ్లింది. గోదావరిఖని నుంచి బెల్లంపల్లి దాకా సింగరేణి బొగ్గు ఉంది. ఆ బొగ్గును మండించే రామగుండం ఎన్టీపీసీ కేంద్రానికి 1978లో శంకుస్థాపన జరిగింది. 2,600 మెగావాట్ల ఆ కేంద్రం నుంచి వచ్చే బూడిద ఇళ్ల కట్టుబడిలో ఎంతవరకు చేరింది అన్నది మన ప్రశ్నకు మంచి కొలమానం.

కేంద్ర ప్రభుత్వం 1999 సెప్టెంబరులో తొలి ఫ్లైయాష్ నోటిఫికేషన్ ఇచ్చింది. థర్మల్ కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపల ఇటుకలు చేసేవాళ్లు బూడిద కలపాలన్నది. 2003లో ఆ దూరం 100 కిలోమీటర్లకు, 2016లో 300 కిలోమీటర్లకు పెరిగింది. కరీంనగర్ పట్టణం రామగుండానికి దాదాపు 60 కిలోమీటర్లే కాబట్టి, రెండు దశాబ్దాలకు పైగా ఇక్కడి కట్టుబడి ఈ నిబంధనల నీడలోనే సాగుతోంది. అయినా పెద్దపల్లి చుట్టుపక్కల ఎర్ర ఇటుక బట్టీలు తగ్గలేదు. ఒడిశా నుంచి వలస వచ్చే కూలీల కష్టం మీద, పొలాల పైమట్టి మీద అవి నడుస్తున్నాయి. 2021 డిసెంబరు 31 నాటి నోటిఫికేషన్‌తో పరిస్థితి కొంత మారింది. వాడకుండా మిగిల్చిన బూడిదకు టన్నుకు వెయ్యి రూపాయల చొప్పున పర్యావరణ పరిహారం కట్టాల్సింది విద్యుత్ కేంద్రమే. బాధ్యత కట్టేవాడి మీద కంటే బూడిద పుట్టించినవాడి మీద గట్టిగా పడింది.

బూడిద ఇటుక సంగతి దగ్గర నుంచి చూడాలి. దీన్ని కాల్చరు. బూడిద, రాతిపొడి, సిమెంటు కలిపి యంత్రంలో ఒత్తి, రెండు మూడు వారాలు నీళ్లు పట్టాలి. అంచులు తిన్నగా ఉంటాయి కాబట్టి మాలు తక్కువ పడుతుంది, ప్లాస్టరింగ్ పలచగా సరిపోతుంది. కానీ గిరాకీ ఉన్న నెలల్లో సరిగా ఆరని, సరిగా నీళ్లు తాగని ఇటుక లారీ ఎక్కుతుంది. గోడ లేచిన రోజు దానికీ మంచి ఇటుకకూ తేడా కనిపించదు. ఏడాది రెండేళ్లకు ప్లాస్టరింగ్ మీద సన్నటి పగుళ్లు వస్తాయి. అప్పటికి ఫ్లాటు రిజిస్ట్రేషన్ అయిపోయి ఉంటుంది. ‘బూడిద ఇటుక మంచిది కాదు’ అన్న పేరు ఇటుకకు వస్తుంది, తొందరపడినవాడికి రాదు. నా దృష్టిలో ఈ సరుకుకు జరిగిన పెద్ద అన్యాయం ఇదే.

కరీంనగర్‌లో అపార్టుమెంటు కట్టే పద్ధతే ఈ తొందరను పెంచుతుంది. స్థలం యజమానితో డెవలప్‌మెంట్ ఒప్పందం, చెరిసగం వాటాలు, స్లాబు పడ్డప్పుడల్లా కొన్నవాళ్ల నుంచి కిస్తీలు. ఆ డబ్బుతోనే తర్వాతి స్థలం బయానా. ఇంకుడు గుంత ప్లానులో ఉంటుంది, తవ్వుతారు కూడా. అందులో కంకర, ఇసుక పూడిపోతే మళ్లీ ఎవరు తీస్తారన్న ప్రశ్నకు బిల్డరు లెక్కల్లో చోటుండదు. దీనికి ఆయన ఒక్కడినే తప్పుపట్టడం సరికాదు. అమ్ముకుని వెళ్లిపోవడమే ఆ వ్యాపారపు నిర్మాణం.

అమ్మకుండా అద్దెకిచ్చే సంస్థల దారి వేరు. హైదరాబాద్‌లో భారత పరిశ్రమల సమాఖ్య (సీఐఐ) వారి సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ భవనాన్ని 2004 జులైలో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. అమెరికా బయట హరిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపు పొందిన తొలి భవనం అది. అదే సీఐఐ కేంద్రంతో కె.రహేజా కార్ప్ 2007లో గ్రీన్ భవనాల కోసం ఒప్పందం చేసుకుంది. మాదాపూర్ మైండ్‌స్పేస్ ఆ సంస్థదే. 2020లో మైండ్‌స్పేస్ రీట్ (అద్దె భవనాల పెట్టుబడి ట్రస్టు) షేర్ మార్కెట్‌లో నమోదైంది, 2023లో 550 కోట్ల రూపాయల గ్రీన్ బాండ్లు జారీ చేసింది. ఒప్పందం, భవనాలు, చివరికి అప్పు తెచ్చుకునే తీరు కూడా అదే దారిలోకి రావడానికి పదహారేళ్లు పట్టింది. భవనం తన చేతుల్లోనే ఉంటుంది కాబట్టి ఏసీ ఖర్చు తగ్గితే లాభపడేదీ, అద్దెదారు ఖాళీ చేస్తే నష్టపోయేదీ తనే.

మన ప్రాంతంలో ఇంత కాలం నిలిచి కట్టినవి ప్రభుత్వరంగ సంస్థలు. సింగరేణి వేలాది క్వార్టర్లు కట్టింది, ఎన్టీపీసీ జ్యోతినగర్ టౌన్‌షిప్ కట్టింది. రామగుండం రిజర్వాయరు మీద సుమారు 500 ఎకరాల్లో పరిచిన తేలియాడే సౌర ఫలకాలు 2022 జులై 1 నుంచి పూర్తిగా 100 మెగావాట్ల సామర్థ్యంతో నడుస్తున్నాయి. ఎండకు ఆవిరైపోయే నీళ్లలో ఏడాదికి 32.5 లక్షల ఘనపు మీటర్లు దీనివల్ల మిగులుతాయని అధికారిక అంచనా. నాలుగు దశాబ్దాలు ఒకేచోట ఉన్న సంస్థకే తన చెరువును ఇలా చూసే చూపు వస్తుంది. అయితే అదే కేంద్రం బూడిద చెరువు పక్కనున్న కుందనపల్లి వాసులు వేసవి గాలుల్లో బూడిద పీల్చి బతికారు. ఎక్కువ కాలం ఉండటం ఒక్కటే చాలదని, ఆ బాధ్యత ప్రహరీ దాటి రావాలని ఈ ఉదాహరణ చెబుతోంది.

అమ్ముకునే బిల్డరుకు కట్టడంతో ఆ దీర్ఘకాల సంబంధాన్ని చట్టమే తెచ్చిపెట్టాలి. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ (రెరా) చట్టం 14(3) సెక్షన్ ప్రకారం, ఇల్లు అప్పగించిన అయిదేళ్లలోపు నిర్మాణంలో, పనితనంలో, సేవల్లో లోపం బయటపడితే ముప్పై రోజుల్లో బిల్డరు తన ఖర్చుతో సరిచేయాలి. దీన్ని ఇప్పటిదాకా గోడలకు, లీకేజీలకే అన్వయిస్తున్నారు. పనిచేయని ఇంకుడు గుంత, సోలార్ హీటరు కూడా ఈ సెక్షన్ కిందికి వస్తాయని నా అభిప్రాయం. నివాసుల సంఘాలు ఆ వాదనతో ముందుకు రావాలి.

తెలంగాణ 2023లో తెచ్చిన కూల్‌రూఫ్ విధానమూ ఇక్కడ ముఖ్యమే. రామగుండం, ఆదిలాబాద్‌లలో వేసవి 45 డిగ్రీలు దాటుతుంది, పై అంతస్తులో ఉండేవాళ్లకు స్లాబు రాత్రి దాకా సెగ కక్కుతుంది. తెల్లటి పూత ఆ సెగను తగ్గిస్తుంది. కానీ దుమ్ము పట్టి, వానకు కొట్టుకుపోయి ఆ పూత కొన్నేళ్లకే పనికిరాకుండా పోతుంది. అధికారి తనిఖీకి వచ్చిన రోజు తెల్లగా ఉంటే చాలు అనుకుంటే విధానం అక్కడితోనే ఆగిపోతుంది. ఆ పూతను అయిదేళ్ల బాధ్యతలో చేర్చడం పురపాలక శాఖకు పెద్ద పనేమీ కాదు.

ఒక చిక్కు మాత్రం మిగిలే ఉంది. ఇళ్ల విషయంలో కూల్‌రూఫ్ తప్పనిసరి అయ్యేది 600 చదరపు గజాల స్థలం నుంచి. స్థలం 500 చదరపు మీటర్లు గానీ, ఫ్లాట్లు ఎనిమిది గానీ మించకపోతే రెరా నమోదు అక్కర్లేదు. 500 చదరపు మీటర్లంటే 598 గజాలు. అంటే రెండు నిబంధనల గీతా దాదాపు ఒక్కచోటే పడింది. మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్ లాంటి పట్టణాల్లో రెండొందల గజాల స్థలంలో ఇల్లు కట్టి అమ్మే చిన్న బిల్డర్లంతా ఆ గీతకు ఇవతలే ఉన్నారు.