ఇంగ్లీషు మాట - తెలుగు అర్థం : ఒక చారిత్రక పరిశీలన

ఏ భాషాభ్యాసమైనా మాటలతోనే ఆరంభమవుతుంది. తెలుగు బడిలో ఇంగ్లీషు పాఠం రెండక్షరాల మాటలతో మొదలై, మూడక్షరాలకు, నాలుగక్షరాలకు క్రమంగా సాగడం తరతరాలుగా వస్తున్న ఆచారం. పలక మీద ఒకవైపు ఇంగ్లీషు మాట, దాని ఎదుట తెలుగు అర్థం. ఇంత సామాన్యంగా కనిపించే ఈ పద్ధతి వెనుక సుదీర్ఘమైన చరిత్ర ఉన్నది. తెలుగు, తమిళం, కన్నడం కలిసి వినిపించే హోసూరు, కృష్ణగిరి ప్రాంతంలో ఆ చరిత్రను తెలుసుకొనడం మరింత అవసరం.

మాటలను అక్షరసంఖ్యను బట్టి కూర్చే పద్ధతి మనకు పాశ్చాత్యుల నుండి వచ్చినది కాదు. అమరకోశంలోని నానార్థవర్గం మాటలను చివరి హల్లును బట్టి వరుసపరచింది. 'క'కారం చివర గల మాటలలో లోకము, శ్లోకము మొదలైనవి కనిపిస్తాయి. లోకమంటే భువనం, జనం కూడా. శ్లోకమంటే పద్యం, కీర్తి కూడా. క్రీ.శ. 1111లో మహేశ్వరుడు రచించిన విశ్వప్రకాశమూ, తరువాతి మేదినీకోశమూ చివరి హల్లుతోపాటు అక్షరసంఖ్యను కూడా లెక్కలోనికి తీసుకొన్నాయి. ఇన్ని అక్షరాలు, ఫలానా హల్లు, ఇదీ అర్థం అనే మూడు ఆనవాళ్లతో మాటను పట్టుకొనే విద్య మన పూర్వులకు సుపరిచితమే.

అయితే మన అక్షరం వేరు, ఇంగ్లీషు అక్షరం వేరు. తెలుగులో 'కృష్ణగిరి' నాలుగక్షరాల మాట. ఇంగ్లీషులో వ్రాస్తే పదకొండక్షరాలు కావాలి. 'హోసూరు' తెలుగులో మూడక్షరాలు, ఇంగ్లీషులో అయిదు. మనం హల్లునూ అచ్చునూ కలిపి ఒక అక్షరంగా వ్రాస్తాం. ఇంగ్లీషువారు విడివిడిగా వ్రాస్తారు. ఈ భేదం తెలియజెప్పకుండా స్పెల్లింగు అప్పగించమంటే బాలుని కష్టం రెట్టింపవుతుంది. హోసూరు అనే పేరు అర్థం కావడానికి కన్నడం తోడు కావాలి. 'హొస' అంటే కొత్త, కనుక అది కొత్త ఊరు. అక్షరాలు లెక్కించినంత మాత్రాన అర్థం చేతికి రాదనడానికి ఈ ఊరిపేరే నిదర్శనం.

ఇంగ్లీషు స్పెల్లింగులోని చిక్కులకు కూడా చారిత్రక కారణాలున్నాయి. 1476లో విలియం కాక్స్టన్ ఇంగ్లండులో అచ్చుయంత్రం నెలకొల్పిన తరువాత వ్రాత క్రమంగా స్థిరపడింది. ఉచ్చారణ మాత్రం మారుతూ పోయింది. రాత్రి అని అర్థమిచ్చే 'నైట్'కు అయిదక్షరాలు, వీరుడని అర్థమిచ్చే 'నైట్'కు ఆరక్షరాలు. ముందుండే 'కె' ఒకప్పుడు పలికేది, ఇప్పుడు మూగవోయింది. 1604లో రాబర్ట్ కాడ్రీ సుమారు రెండున్నర వేల కఠినపదాలను అకారాది క్రమంలో ప్రకటించాడు. 1755లో శామ్యూల్ జాన్సన్ బృహన్నిఘంటువు వెలువడింది. అమెరికాలో నోవా వెబ్‌స్టర్ 1783 నాటి స్పెల్లింగు పుస్తకంలో చిన్న మాటల నుండి పెద్ద మాటలకు పట్టికలు కూర్చాడు. మన బడులలోని పదపట్టికలు కూడా ఆ కోవకు చెందినవే.

ఇంగ్లీషుకూ తెలుగుకూ వంతెన మొదట కట్టినవారు తెలుగు నేర్వవలసి వచ్చిన ఆంగ్లేయులు. 1792 నాటి శ్రీరంగపట్టణం సంధితో కృష్ణగిరితో కూడిన బారామహల్ ఈస్టిండియా కంపెనీ వశమైంది. హోసూరు ప్రాంతం 1799లో చేరింది. బారామహల్‌లో అలెగ్జాండర్ రీడ్ కింద పనిచేసిన థామస్ మన్రో తరువాత మద్రాసు గవర్నరై, 1826లో జిల్లాలలోనూ తాలూకాలలోనూ పాఠశాలలు స్థాపించాలని ప్రతిపాదించాడు. కంపెనీ ఉద్యోగులకు దేశభాషలు నేర్పడానికి 1812లో మద్రాసులో సెయింట్ జార్జి కోట కళాశాల వెలసింది. ఎ.డి. క్యాంబెల్ 1816లో తెలుగు వ్యాకరణాన్ని, 1821లో నిఘంటువును ప్రకటించాడు. సి.పి. బ్రౌన్ పండితులను చేరదీసి, ఏళ్ల తరబడి శ్రమించి 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించాడు. పరిపాలన కోసం కట్టిన ఆ వంతెన మీదుగానే తరువాతి కాలపు తెలుగు విద్యార్థులు ఇంగ్లీషులోనికి నడిచారు.

హోసూరు సమీపంలోని తొరపల్లిలో 1878లో జన్మించి, బాల్యంలో హోసూరులో చదువుకొన్న చక్రవర్తి రాజగోపాలాచారి జీవితం ఇక్కడ స్మరణీయం. ఇంగ్లీషులో అంతటి ప్రతిభ గల ఆ మహనీయుడే 1916లో తమిళ శాస్త్రపదాల సంఘాన్ని స్థాపించి, శాస్త్రవిషయాలకు తమిళంలో మాటలు కల్పించడానికి పూనుకొన్నారు. అంతకుముందే 1906లో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞానచంద్రికా మండలి ద్వారా తెలుగులో శాస్త్రగ్రంథాలకు బాట వేశారు. 1968లో హైదరాబాదులో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథాలను, పారిభాషిక పదకోశాలను ప్రచురించింది. ఇంగ్లీషు తెలిసినవారే మాతృభాషకు మాటలు సమకూర్చారన్నది గమనార్హం.

అక్షరసంఖ్యను, అర్థాన్ని జోడించి మాటను వెతికించే వినోదం కూడా ఈ కుటుంబానిదే. 1913 డిసెంబరు 21న న్యూయార్కు పత్రికలో ఆర్థర్ విన్ ప్రకటించిన ప్రహేళిక లోకమంతా వ్యాపించింది. తెలుగులో శ్రీశ్రీ, ఆరుద్ర వంటి కవులు ఇటువంటివి కూర్చారు. తెలుగు గడిలో ఒత్తులూ గుణింతాలూ సహా నిండు అక్షరం కూర్చుంటుంది. ఇంగ్లీషు గడిలో విడి అక్షరం కూర్చుంటుంది. రెండింటినీ పూరించిన విద్యార్థికి ఉభయభాషల స్వభావం ఆటలోనే బోధపడుతుంది.

రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ తరువాత ఈ ప్రాంతపు తెలుగువారు తమిళనాట భాషాల్పసంఖ్యాకులుగా నిలిచారు. 2006 నాటి చట్టంతో పాఠశాలల్లో తమిళం అంచెలంచెలుగా తప్పనిసరి అయింది. నివసించే రాష్ట్రపు భాష నేర్వడం ధర్మమే. ఇంగ్లీషు నేర్వడం అవసరమే. కాని పలక మీద రెండవవైపున తెలుగు అర్థం చెరిగిపోతే, మొదటివైపున ఉన్న ఇంగ్లీషు మాట ఉత్త అక్షరాల వరుసగా మిగులుతుంది. స్పెల్లింగు కంఠస్థం చేసిన మాట పరీక్ష వరకే తోడు వస్తుంది. ఇంటిభాషలో అర్థం తెలిసిన మాట జీవితాంతం తోడుంటుంది. డెబ్బదియైదు వసంతాలు నిండిన తెలుగు బడి తన బిడ్డలకు ఇవ్వగల ఆస్తి ఆ రెండవవైపే. దానిని కాపాడుకొనే బాధ్యత ఉపాధ్యాయులది ఎంతో, తల్లిదండ్రులది, పూర్వవిద్యార్థులది కూడా అంతే.